లెక్కలోకి రాని కునుకులు

కూర్చోమన్నారు, కూర్చున్నాను. మెడలో 'సందర్శకులు' అని రాసిన బిళ్ల కూడా తగిలించారు. ఎనిమిదేళ్లుగా ఈ బాయిలర్ గొట్టాలను గీకి, తోమి, భూతద్దం కింద పెట్టి, దీనికి ఇంకా ఇన్నేళ్లు ఆయుష్షుంది అని రాసి సంతకం పెట్టే మనిషిని నేను, అయినా లోపలికి పోవాలంటే బిళ్ల కావాలి, బిళ్ల ఉన్నా వెంట ఒకరు రావాలి, వెంట వచ్చేవాళ్లు ఇప్పుడు ఖాళీగా లేరు. పెద్దాయన మీటింగులో ఉన్నారట. పెద్దాయనంటే ఈ మొత్తం కర్మాగారానికి అధికారి, బాయిలర్ ఆపమన్నా నడపమన్నా ఆయన నోటి నుంచే రావాలి. గోడ గడియారంలో పదీ ముప్పావు. పదకొండున్నరకల్లా ఆవిరి పూర్తి వేడికి వస్తుంది. "అంత అర్జెంటా మేడమ్?" అని బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి అడిగితే నా నోట "కొంచెం అర్జెంటే" అని వచ్చింది. కొంచెం! నా నోట్లో మన్ను పడ. ఇంట్లో నీళ్ల పంపు పాడైతే వీధంతా వినబడేలా అరుస్తాను, ఇక్కడికొచ్చేసరికి కొంచెం అట. ఆ అమ్మాయి తలూపి, "మంచినీళ్లు తాగుతారా?" అంది. తాగుతానన్నాను. తాగను. గ్లాసు బల్ల మీద పెట్టింది, నీళ్లు చిన్నగా వణుకుతున్నాయి, అంటే లోపల మంట అంటుకుంది, గాలి పంకాలు తిరుగుతున్నాయి, అది లేస్తోంది.

అది లేస్తోంది అంటున్నాను, వాడి మాటలే నాకూ వచ్చేశాయి. వాడంటే నా తమ్ముడు, నలభై నాలుగేళ్లొచ్చినా ఇంట్లో అందరికీ బుడ్డోడే. ఇక్కడ బాయిలర్ అయిదో అంతస్తులో పని. పొద్దున డ్యూటీ ఎక్కేముందు రోజూ ఫోన్ చేస్తాడు, చెప్పడానికి ఏమీ ఉండదు, అయినా చేస్తాడు. ఇవాళ కూడా చేశాడు. "ఏం చేస్తున్నావక్కా?" "టీ పెట్టుకుంటున్నా. నువ్వు?" "ఏముంది, మన ముసల్ది రాత్రి మళ్లీ రెండు కునుకులు తీసింది. ఇప్పుడు బతిమాలి లేపాలి." "కునుకేంట్రా?" "అదేనక్కా, మంట పోతుంది చూడు, గంటకో రెండు గంటలకో మళ్లీ అంటించేస్తాం. దాన్ని మేం కునుకంటాం. ఎనిమిది గంటలు దాటితే నిద్ర." నేను పకపకా నవ్వాను. నవ్వి, ఊరికే, మాట సాగదీయడానికే, "మరి రిజిస్టర్లో కూడా కునుకనే రాస్తారా?" అని అడిగాను. "కునుక్కెవడు రాస్తాడక్కా? నిద్రపోయి లేస్తేనే స్టార్ట్ అని రాస్తాం. కునుకంటే అది లేచే ఉన్నట్టు లెక్క" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాడు, పిల్ల పరీక్షల గురించి అనుకుంటాను, నేను ఊఁ కొడుతున్నాను, కొడుతూనే ఉన్నాను, వాడు ఫోన్ పెట్టేశాడు. టీ పొంగి పొయ్యి మీద పడింది. వాసన వస్తున్నా కదల్లేదు. ఎన్ని కునుకులు రా, ఎన్నేళ్లుగా, అని అడగడానికి మళ్లీ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. సెల్‌ఫోన్లు లాకర్లో పెట్టి పైకి వెళ్తారు.

నేను ఆ రిజిస్టర్ చూసే లెక్క వేశాను. స్టార్టులు నాలుగు వందల పన్నెండు. పేజీ పేజీకీ పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ, రెండోసారి వెనక నుంచి ముందుకి లెక్కపెట్టి మరీ సరిచూసుకున్నాను, అంత జాగ్రత్త మనిషిని. నాలుగు వందల పన్నెండు అని రాసి దాని కింద రెండు గీతలు కూడా గీశాను. అయిదో అంతస్తులో హెడర్ అని ఒకటుంటుంది, మనిషి నడుమంత లావున, గోడ బెత్తెడు మందాన, పడుకోబెట్టిన ఉక్కు గొట్టం. వందకు పైగా సన్న గొట్టాలు పై నుంచి వేలాడుతూ వచ్చి దాని పొట్టలోకి దిగుతాయి, వాటిలోంచి వచ్చే ఆవిరంతా దాంట్లో కలుస్తుంది. అయిదు వందల నలభై డిగ్రీలు. ఆ వేడిలో ఉక్కు స్థిరంగా ఉంటే ఉన్నట్టే, దాన్ని చంపేది ఆ వేడి కాదు, వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం. లోపలి వైపు ముందు వేడెక్కి సాగుతానంటుంది, బయటి వైపు ఇంకా చల్లగా ఉండి సాగనీయనంటుంది, చల్లారేటప్పుడు ఇదే తగువు తిరగేసి. ప్రతి తగువుకీ ఎక్కడో కొంచెం చీరుకుంటుంది, గొట్టాలు దిగే రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఉండే సన్నటి జాగాలో, లోపలి వైపున, బయటి నుంచి ఎవరికీ కనబడకుండా. ఇలాంటి తగువులు వెయ్యి తట్టుకుంటుందని లెక్క. నాలుగు వందల పన్నెండే అయ్యాయి కాబట్టి మరో రెండేళ్లకు ఢోకా లేదని రాశాను. ఢోకా లేదు అని నేను రాయలేదులే, రిపోర్టులో అలా రాయరు, కానీ చదివినవాళ్లకి అర్థమైంది అదే, నా ఉద్దేశమూ అదే.

వారానికి మూడు కునుకులనుకుందాం, ఏడాదికి నూట యాభై ఆరు, అయిదేళ్లుగా అనుకుంటే ఏడు వందల ఎనభై. దానికి నాలుగు వందల పన్నెండు కలిపితే పదకొండు వందల తొంభై రెండు. బస్సులో టిక్కెట్టు వెనక వేశాను ఈ లెక్క, పక్క సీట్లో ఆవిడ వింతగా చూసింది. ఇంకొకటి ఆ టిక్కెట్టు మీద పట్టలేదు. కునుకు నిద్ర కంటే చెడ్డది. నిద్రపోయి లేచినప్పుడు అన్నీ చల్లగా ఉంటాయి, అన్నీ కలిసి మెల్లగా వేడెక్కుతాయి. కునుకులో హెడర్ ఇంకా కాలిపోతూనే ఉంటుంది, వేలాడే గొట్టాల్లో మాత్రం ఆవిరి చల్లబడి నీళ్లయి అడుగున చేరుతుంది, తిరిగి మంట పెట్టగానే ఆ నీళ్లు వచ్చి ఎర్రగా కాగిన పెనం మీద చల్లినట్టు చల్లుతాయి. లెక్క ప్రకారం అది ఎప్పుడో పోయి ఉండాలి. పోలేదు. పోలేదు కాబట్టి నా లెక్కే మరీ పిరికి లెక్క అనుకోవచ్చు, ఎంతోకొంత వెసులుబాటు పెట్టుకునే వేస్తాం కదా. లేకపోతే పోవడానికి ఇవాళ దాకా ఆగిందనీ అనుకోవచ్చు. రెండింటిలో ఏదో చెప్పవే, ఇంత చదువు చదివావు కదా, అని నన్ను నేనే నిలదీస్తున్నాను. నాకు తెలీదు. నిజంగా తెలీదు.

వాడికి ఆరేళ్లప్పుడు బొమ్మ బండి చేసుకోవడానికి ఇనప తీగ తుంచమన్నాడు. కటింగ్ ప్లేయర్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు, మా ఇంట్లో ఏ వస్తువూ ఎక్కడుందో ఎవరికీ తెలీదు, అమ్మ తిడుతూ వెతుకుతూ ఉండేది. నేను వాడి చేతికి తీగ ఇచ్చి, అటూ ఇటూ వంచుతూ ఉండు, అదే తెగుతుంది అన్నాను. మెట్ల మీద కూర్చుని నాలుక బయటపెట్టి వంచుతున్నాడు, ఒకటి, రెండు, మూడు. "తెగట్లేదక్కా!" "తెగుతుందిరా, వంచు." పదిహేనో పదహారో, టక్కున తెగింది. తెగిన చోటు ముట్టుకుని "అమ్మో, కాలింది!" అని అరిచాడు. వంచిన చోట తీగ వేడెక్కుతుందని నాకూ అప్పుడే తెలిసింది. నేనూ ముట్టుకున్నాను. వాడి వేలు నోట్లో పెట్టుకుని ఊదాను, నోట్లో పెట్టుకుని ఊదడమేంటి, ముందు ఊది తర్వాత పెట్టుకున్నానేమో, ఏదో చేశాను, వాడు ఏడుపు ఆపేశాడు. తెగేముందు ఏం తెలుస్తుందక్కా అని అడిగాడు. ఏమీ తెలీదు, పదిహేనో వంపు దాకా అది మామూలు తీగే. ఈ ఉద్యోగంలో చేరాక కొత్తవాళ్లకి క్లాసు చెప్పిన ప్రతిసారీ ఆ తీగ కథే చెప్తాను, నవ్విస్తాను కూడా.

పది గంటలకే వచ్చాను. గేటు దగ్గర నుంచి షిఫ్టు ఇన్‌ఛార్జితో మాట్లాడాను, మంచివాడే, కుర్రతనం ఇంకా పోలేదు కానీ బుద్ధిమంతుడు. చెప్పిందంతా విన్నాడు. విని, "మేడమ్, రిపోర్టు మీదే కదండీ? రెండేళ్లు నడపొచ్చని మీరే ఇచ్చారు" అన్నాడు. "ఇచ్చాను బాబూ, తప్పిచ్చాను, అదే చెప్తున్నాను." "మరి తప్పని కాగితం మీద ఇవ్వండి మేడమ్, ఆపేస్తా. నోటిమాట మీద ఆపితే నా ఉద్యోగం పోతుంది." ఏం తప్పన్నాడు? నా సంతకాన్నే తెచ్చి నా మొహాన కొట్టాడు. కాగితం అడిగితే కాగితం మీద ఏం రాయాలి, వారానికి మూడు కునుకులని మా తమ్ముడు ఫోన్‌లో అన్నాడని రాయాలా? నిజానికి వాడు మూడు అని కూడా అనలేదు. రాత్రి రెండు అన్నాడు. మళ్లీ అన్నాడు. ఆ మళ్లీ అన్న ఒక్క మాట మీద నేను బస్సులో ఏడు వందల ఎనభై కట్టాను.

కానీ లోపల చూసి ఉంటే. ఆరు నెలల కిందట బాయిలర్ ఆపినప్పుడు ఒక మూత కోసి, సన్న కెమెరా లోపలికి పంపి, రంధ్రాల అంచులు చూసి ఉంటే. చూద్దామనే అనుకున్నాను. "మేడమ్, కోస్తే మళ్లీ అతకాలి, రెండు రోజులు ఆలస్యం" అన్నారు. రిజిస్టర్ తిరగేశాను, నాలుగు వందల పన్నెండే కదా, అక్కర్లేదులే అన్నాను. అన్నది నేనే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. బయటంతా నునుపుగా తోమి, పల్చటి కాగితం అద్ది అచ్చు తీసి, భూతద్దం కింద చూస్తే ఉక్కు రేణువులు ముచ్చటగా ఉన్నాయి, ఆ ఫోటో రిపోర్టు అట్ట మీద వేయించుకున్నాను. బుడ్డోడు ఆ రోజు నా వెనకే నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. "ఎలా ఉందక్కా మన ముసల్ది?" అంటే "నీకంటే గట్టిగా ఉందిరా" అన్నాను. అప్పుడైనా ఒక్క మాట, రోజూ దీంతో ఏం పడతావురా, ఎలా పడతావురా, అని అడిగి ఉంటే చెప్పేవాడు. వాడు అడక్కుండానే గంటలు చెప్తాడు. నేను రిజిస్టర్ని అడిగాను, వాణ్ణి అడగలేదు.

ఫోన్ మోగింది. మరదలు. "వదినా, ఈయన ఇంటి తాళాలు జేబులో వేసుకుని పోయారు, నేను కూరగాయలకెళ్లి వచ్చేసరికి బయటుండిపోయా. ఫోన్ ఎత్తట్లేదు. మీకేమైనా చేస్తే చెప్పరూ?" "డ్యూటీలో ఉన్నాడు కదే." "తెలుసు వదినా, అయినా ఒళ్లు మండిపోతోంది. మీరు ఎక్కడున్నారు, చుట్టూ ఏదో హోరు?" బయట పనిలో ఉన్నానన్నాను. "సరే, ఇవాళ రానివ్వండి, చెప్తా ఆయన సంగతి" అని నవ్వి పెట్టేసింది. రానివ్వండి. గడియారంలో పదకొండు దాటి పది నిమిషాలు. హోరు నిజంగానే పెరిగింది, కిటికీ అద్దాల్లోంచి లోపలికొస్తోంది. లేచి మెట్ల వైపు నడిచాను, కాపలా అతను "అమ్మా, కూర్చోండమ్మా" అన్నాడు, కూర్చున్నాను. ఇంత వయసొచ్చి కూర్చోమంటే కూర్చుంటున్నాను, నిలబడమంటే నిలబడుతున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాను. పెద్దాయన వస్తే ఏం చెప్పాలి? ఆపండి అనా? ఒక్కసారిగా ఆపితే అదీ ఒక తగువే, చల్లారేటప్పటి తగువు ఇంకా చెడ్డది, ఆ నీళ్లన్నీ వచ్చి దాని మీదే పడతాయి. నడపండి అనా? పూర్తి వేడికి వచ్చాక ఈ రాత్రి అది మళ్లీ కునుకు తియ్యదని ఎవరు చెప్పాలి? ఉన్నచోట నిలబెట్టి, వేడి కొంచెం కొంచెంగా దింపి, దింపుతున్నంతసేపూ అడుగున చేరే నీళ్లను బయటికి వదిలేస్తూ ఉండాలి. అదొక్కటే దారి. అదైనా పోదని పూచీ లేదు, పోయే వీలు తక్కువ, అంతే.

పదకొండుంబావుకి పెద్దాయన వచ్చారు. చెప్పాను, ఆగకుండా, తడబడుతూ, కునుకు అన్న మాట దగ్గర ఆయన కనుబొమలు ముడుచుకున్నాయి. నన్ను తిడతారనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. "వారానికి మూడు కాదు మేడమ్" అన్నారు మెల్లగా. "ఈ రెండేళ్లలో అయిదు దాకా ఉంటాయి." టిక్కెట్టు ఇంకా నా గుప్పిట్లోనే ఉంది, నలిగి ముద్దయింది. ఆయన నన్ను వెంటబెట్టుకుని కంట్రోల్ రూముకి దాదాపు పరిగెత్తారు. అక్కడ తెరల ముందు ఆరుగురున్నారు, హెడర్‌కి సరిగ్గా రెండంతస్తుల కింద ఆ గది. వేడి నాలుగు వందల తొంభై. "అక్కడే ఆపండి, పెంచొద్దు" అన్నారాయన. షిఫ్టు ఇన్‌ఛార్జి నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "మనుషుల్ని దింపేయండి, నాలుగూ అయిదూ ఆరూ అంతస్తులు ఖాళీ చేయించండి" అన్నారు. మైకులో పిలుపు వెళ్లింది. హమ్మయ్య అనుకున్నాను, దిగొస్తాడు, తిడతాను, తాళాలు ఎందుకు పట్టుకుపోయావురా అని తిడతాను. అప్పుడు ఇన్‌ఛార్జి అన్నాడు, "సార్, మరి డ్రెయిన్ వాల్వులు?"

అడుగున చేరే నీళ్లను బయటికి వదిలే వాల్వులవి, ఇక్కడి నుంచి బటన్ నొక్కితే తెరుచుకోవాలి. మోటార్లు చెడి నాలుగు నెలలైందట. చేత్తోనే తిప్పాలి. హెడర్ పక్కనే, మూరెడు దూరంలో నిలబడి. "ఎంతసేపు తిప్పాలి?" అని పెద్దాయన నన్నే అడిగారు. "వేడి దింపినంతసేపూ. గంట. గంటన్నర." "తిప్పకపోతే?" "నీళ్లు దాని మీద పడతాయి సార్. అప్పుడు పోవడం దాదాపు ఖాయం." కింద మేమంతా ఉన్నాం, ఆరుగురూ, ఆయనా, నేనూ, మేము లేచిపోతే వేడి దింపేవాళ్లు లేరు. "అక్కడ ఎవరు?" "ఆమె తమ్ముడే సార్" అన్నాడు ఇన్‌ఛార్జి. "దిగుతున్నాడా?" "వాల్వులు ఏం చెయ్యాలో చెప్పమని అక్కడే ఉన్నాడు సార్." పెద్దాయన గోడ ఫోన్ తీసి నా చేతికిచ్చారు. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి మేడమ్. అతని ప్రాణం, అతనే చెప్పాలి. ఉంటానంటే ఉండనిద్దాం. దిగుతానంటే అందరం బయటికి పోదాం, ఏదైతే అదవుతుంది." అని రెండడుగులు వెనక్కి వేసి, మర్యాదకి మొహం తిప్పుకున్నారు, మిషన్ల హోరులో నా మాట ఎవరికీ వినబడదు.

"అక్కా! నువ్వెప్పుడొచ్చావు?" వాడి గొంతు వెనక ఆవిరి చప్పుడు. నేను నోరు తెరిచాను. లెక్క తప్పిందిరా, దిగిపో. ఆ రెండు మాటలే. ఇరవై ఏళ్లుగా ఎంతమందికో ఎన్నో చెప్పిన నోరు పెగల్లేదు. చెప్తే వాడు దిగడు, నాకు తెలుసు, కింద ఆరుగురున్నారంటే అస్సలు దిగడు, ఉంటాడు, ఉండి భయంతో చెయ్యి వణికి వాల్వు గబగబా తిప్పేస్తాడు, గబగబా తిప్పితే అదింకో దెబ్బ, అందుకని చెప్పకపోవడమే మంచిది. ఇదీ నేను నాకు చెప్పుకున్నది. లేదు, చెప్తే దిగుతాడేమో. పెళ్లాం ఉంది, పిల్ల ఉంది, ఎందుకు దిగడు? దిగితే, మేం బయటపడేలోగా అది పోతే, ఇక్కడ ఉన్నది నేను కూడా. అదీ ఉందా? అంత నీచం కూడా ఉందా నాలో? ఏమో. సిగ్గూ ఉంది, అన్నిటికంటే ఎక్కువ అదే ఉందేమో, వాడి దగ్గర, వేలు ఊదించుకున్నవాడి దగ్గర, నాకు తెలీలేదురా అని అనలేకపోవడం. "ఏంటక్కా, గొంతు అలా ఉంది? ఏడుస్తున్నావా?" "లేదురా. జలుబు." "వాల్వు ఎంత తిప్పమంటావు?" "పావు చుట్టు. మెల్లగా. ఆవిరి పల్చబడ్డాక ఇంకో పావు. అస్సలు తొందరపడకు." "అలాగే. ఒక్కడ్నే ఉన్నాను, మిగతావాళ్లని దింపేశారు, ఏదైనా తేడానా?" గడియారంలో ముల్లు కదలడం నాకు కనిపించింది. "ఏం లేదు" అన్నాను. "తనిఖీ." "సర్లే, నువ్వింక ఇంటికెళ్లి పడుకో అక్కా, ఇక్కడ నేను చూసుకుంటా" అన్నాడు, ఫోన్ తీగకి వదిలేసి వెళ్లిన చప్పుడు, తర్వాత చక్రం కిర్రుమన్న చప్పుడు, మెల్లగా, నేను చెప్పినట్టే మెల్లగా.

"చెప్పారా?" అన్నారు పెద్దాయన.

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఉంటానన్నాడు."